రెండింటికే ఆగిపోయే వాచీ

మధ్యాహ్నం రెండు కాకముందే మహదేవి చేతి వాచీ ఆగిపోయేది.

అది ముళ్లు తిరిగే, కీ ఇచ్చే పాతకాలపు వాచీ కాదు. లోపల సిమ్ము ఉంటుంది. కట్టుకున్న మనిషి నాడి ఎంత కొట్టుకుంటోంది, మనిషి ఎక్కడుంది, కింద పడిందా అనేవన్నీ ఇంకొకరి ఫోనుకు చెబుతుంది. ఆ ఫోనులోంచి అడిగితే అప్పటికప్పుడు చూసి చెబుతుంది. పక్కన ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే వాళ్లకు ఫోను పోతుంది. అన్నీ చార్జింగు ఉన్నంతసేపే. పొద్దున ఆరింటికి నూటికి నూరు ఉండేది, పన్నెండుకల్లా ముప్పైకి దిగేది, రెండింటికి అద్దం నల్లబడేది.

మహదేవి మొగుడు ఈరన్న ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు. ఇంట్లో ఉండేది ఇద్దరే. మూడేళ్ల కింద మహదేవికి ఫిట్స్ మొదలైనాయి. మందులు వేసుకుంటోంది. అయినా నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి పోతాయి. వచ్చినప్పుడు పక్కన మనిషి ఉంటే భయం లేదన్నాడు డాక్టరు. పక్కన ఉండటానికి ఈరన్నకు వీలు లేదు. అందుకే ఆ వాచీ కొన్నాడు.

జ్యేష్ఠమాసంలో ఒకనాడు సాయంత్రం ఆరింటికి అతను ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద రక్తం ఎండిపోయి ఉంది. పక్కన కూరలు తరిగే ఈళ్లపీట బోర్లా పడి ఉంది.

"ఎంతసేపయింది?" అన్నాడు ఈరన్న.

"తెలీదు. పడేటప్పుడు ఎండ కిటికీలో ఉండె. లేచి చూస్తే లేదు," అంది మహదేవి.

నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. వాచీ చూస్తే చచ్చి ఉంది.

ఆ రోజు నుంచి ఈరన్నకు మనసు మనసులో లేదు. నాడిని అయిదు నిమిషాలకొకసారి కాదు, నిమిషానికొకసారి పంపేటట్టు పెట్టాడు. ఇంట్లోంచి ఎక్కడికీ పోని మనిషి ఎక్కడుందో ఎప్పుడూ కనిపించేటట్టు పెట్టాడు. వాచీ బతికి ఉందో లేదో ఆమెకు తెలియాలని దాని వెలుగు ఆరిపోకుండా పెట్టాడు. ఇన్ని పెట్టేసరికి అది ఒంటిగంటన్నరకే ఆగిపోవడం మొదలైంది.

వాచీని కొన్న అంగడికి తీసుకుపోయాడు. వాళ్లు అందులో ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదట్నుంచి ఎక్కించి ఇచ్చారు. రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే వరస. చార్జరు మార్చాడు. వాచీనే మార్చమని అడిగాడు. బ్యాటరీలో ఏమీ లోపం లేదు పొమ్మన్నారు.

నిద్ర తగ్గింది. అన్నం ముందు కూర్చుంటే ఎడమచేతిలో ఫోను ఉండేది. ఒక బుధవారం మిల్లులో పత్తి వేసే ఆడమనిషి కొంగు బెల్టుకు చిక్కింది. ఆమె అరుస్తూనే ఉంది. అయిదడుగుల దూరంలో నిలబడిన ఈరన్నకు వినిపించలేదు. అతను ఫోనులో మహదేవి నాడి అంకె చూస్తున్నాడు. ఇంకో ఆమె పరుగెత్తుకొచ్చి స్విచ్చి ఆపింది. కొంగు సగం చినిగి బెల్టులో ఉండిపోయింది. మనిషి దక్కింది.

ఎవరూ అతణ్ని ఏమీ అనలేదు. ఎవరో ఒకరు నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు గురువారం. ఈరన్న పీరా సాహెబ్ దగ్గరికి పోయాడు.

పీరా సాహెబ్ పాతబజారులో మసీదు పక్క సందులో యాభై ఏళ్లుగా వాచీలు బాగు చేస్తున్నాడు. కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి సన్నపని మానుకున్నాడు. కంటికి పెట్టుకునే భూతద్దం మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడు గోడ గడియారాలు మాత్రం ముట్టుకుంటాడు. ఆయన గురువు గుంతకల్లు దగ్గర ఒక ఫకీరు. ఆ ఫకీరు పోతూ పోతూ ఈయన తల మీద చెయ్యి పెట్టి పోయాడని చెబుతారు. ప్రతి గురువారం సాయంత్రం అసర్ నమాజు అయినాక ఆ అంగట్లో నలుగురైదుగురు వచ్చి చాప మీద కూర్చుంటారు. ఆయన బోధ చెయ్యడు. ఎవరైనా ఏదైనా అడిగితే చాలాసార్లు టీ పోసి ఇస్తాడు, అంతే. అన్నదమ్ములతో తగవుపడి కోపంతో ఉడికిపోతున్న రోజుల్లో ఈరన్న మొదటిసారి ఆ చాప మీద కూర్చున్నాడు. తొమ్మిదేళ్లయింది. కోపం ఎప్పుడు పోయిందో అతనికి గుర్తు లేదు.

ఆ రోజు మిగిలినవాళ్లు లేచిపోయేదాకా ఆగి, వాచీని ఆయన ముందు పెట్టాడు.

"సాహెబ్, దీన్ని మీరే బాగు చెయ్యల్ల."

సాహెబ్ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. యాభై ఏళ్ల అలవాటు.

"దీంట్లో చక్రాలే లేవు కదప్పా. నాకేం తెలుస్తుంది?"

"తెలీకపోయినా పర్వాలేదు సాహెబ్. ఒక దువా చదివి ఇయ్యండి చాలు."

"దువా మనిషికి. వాచీకి రిపేరు," అన్నాడు సాహెబ్. నవ్వబోయి మానుకున్నాడు. ఈరన్న కళ్ల కింది నలుపు ఆయనకు ఆ పొరల్లోంచి కూడా కనిపించింది. "ఏమైందో చెప్పు."

ఈరన్న అంతా చెప్పాడు. నుదుటి కుట్లు, మిల్లులో చినిగిన కొంగు, అంగడివాళ్లు అన్న మాట, ఏదీ వదల్లేదు. సాహెబ్ అంతా విన్నాక అడిగాడు.

"దీన్ని పూర్తిగా ఆపేసి పెడితే చార్జింగు ఎంతసేపు నిలుస్తుంది?"

"ఆపేస్తే ఇంక అది ఏంటికి సాహెబ్?"

"పెట్టి చూశావా?"

"లేదు."

"నిండా చార్జి చేసి, ఆపేసి, నా దగ్గర పెట్టిపో. ఈ రాత్రికి నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. పొద్దున రా."

శుక్రవారం పొద్దున ఏడింటికి ఈరన్న వచ్చి వాచీని వెలిగించాడు. తొంభై తొమ్మిది చూపించింది.

"బ్యాటరీ దొంగ కాదు," అన్నాడు సాహెబ్. "దాన్ని ఎవరో తాగుతున్నారు."

ఆయన ఎడమచెయ్యి ముందుకు చాపాడు. "ఇయ్యాల ఇది నాకు కట్టు. నువ్వు మిల్లుకు పోయి రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి. ఏదీ మార్చొద్దు, ఏదీ ఆపొద్దు."

"మరి మహదేవి?"

"పక్కింట్లో ఎవరుంటారు?"

"తిప్పక్క అని ఉంది. బట్టలు కుడుతుంది."

"ఆమెకు ఒక మాట చెప్పిపో. ఒక్క రోజు."

ఇంకెప్పుడైనా అయితే ఈరన్న ఒప్పుకునేవాడు కాదు. ఆ పొద్దున అతనికి వాదించే ఓపిక లేదు. వాచీని ముడతలు పడిన ఆ ముసలి మణికట్టుకు కట్టాడు. ఇంటికి వెనక్కి పోయి తిప్పక్కకు చెప్పాడు. తర్వాత మిల్లుకు పోయాడు.

మిల్లులో ఆ రోజు ఎప్పటిలాగే గడిచింది. ఎప్పటిలాగే దూది దుమ్ము ఎగిరింది, ఎప్పటిలాగే అతను పని చూశాడు, ఫోను చూశాడు. సాయంత్రం తలలో దూది దులుపుకుంటూ సాహెబ్ అంగడికి వచ్చాడు.

వాచీ ఆయన బల్ల మీద చచ్చి పడి ఉంది. పక్కన స్టీలు గిన్నెలో చింతగింజలు ఉన్నాయి.

"ఎప్పుడు ఆగింది సాహెబ్?"

"జుమా నమాజుకు పోయి వచ్చి అన్నం తింటా ఉంటే ఆగిపోయింది. రెండు కూడా కాలేదు."

"చూశారా! మీ చేతికి కట్టినా అంతే. వాచీలోనే ఏదో ఉంది."

సాహెబ్ గిన్నెను అతని వైపు జరిపాడు. "ఇవి ఎన్నున్నాయో చూడు."

ఈరన్నకు ఏమీ అర్థం కాలేదు. అయినా కూర్చుని ఒక్కొక్క గింజా తీసి చాప మీద పెట్టాడు. నూట పదిహేడు.

"నువ్వు అక్కడ ఫోను తీసి అడిగినప్పుడల్లా ఇది ఇక్కడ వెలిగి వణికింది," అన్నాడు సాహెబ్. "వణికినప్పుడల్లా ఒక గింజ వేశాను. నమాజులో వణికినవి దీంట్లో లేవు. అప్పుడు చేతులు ఖాళీ లేవు."

ఈరన్న చాప మీది గింజల్ని వేలితో ఇంకోసారి లెక్కపెట్టాడు.

"నా నాడి ఎట్లుండె ఇయ్యాల?" అన్నాడు సాహెబ్ మామూలుగా.

"అరవై ఎనిమిది. పదకొండు తర్వాత డెబ్బై దాటింది," అనేశాడు ఈరన్న.

అనేశాక తన మాట తనకే వినిపించింది. వాచీ సాహెబ్ చేతికి ఉందని అతనికి తెలుసు. పొద్దున తన చేతుల్తోనే కట్టాడు. ఆ అంకె మహదేవిది కాదని తెలిసి కూడా నూట పదిహేడు సార్లు చూశాడు.

"పొద్దున నుంచి ఆయమ్మకు ఫోను చేశావా?"

ఈరన్న చెయ్యలేదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు.

సాహెబ్ గింజల్ని గిన్నెలోకి ఎత్తి, లేచి దీపం వేశాడు.

ఈరన్న ఇంటికి పోయేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మహదేవి చాప మీద నిద్రపోతోంది. దగ్గరికి పోయి వంగి చూశాడు. ఊపిరి నిదానంగా వస్తోంది. చెంప మీద చాప ఈనెల గుర్తులు పడ్డాయి. అలికిడికి ఆమె కళ్లు తెరిచింది.

"టైమెంత?"

"ఆరున్నర."

"అమ్మో, మూడింటికి పండుకున్నా," అని లేచి జుట్టు ముడేసుకుంది. ముఖం కొంచెం తేటగా ఉంది.

"రోజూ మధ్యాహ్నం పండుకోవా? మందులకు నిద్ర పట్టడం లేదని అనుకుంటి నేను."

"మందులకు నిద్ర ముంచుకొస్తుంది. ఆ వాచీ వణికితే చెయ్యి కదిలించాల కదా," అంది ఆమె, పొయ్యి వైపు పోతూ. "కదిలించకపోతే నాడి తగ్గిందని నువ్వు ఫోను చేస్తావు. అది ఆగినాక పండుకుందామంటే, ఆగిపోయిందని పదిసార్లు ఫోను చేస్తావు. ఎత్తకపోతే మిల్లు వదిలేసి పరుగెత్తుకొస్తావు. ఏంటికి వచ్చిందిలే అని కూర్చుంటా."

ఆ మాటలో కోపం లేదు. బావి లోతు ఎంతో చెప్పినట్టు చెప్పింది. అందుకే అది అతనికి ఎక్కువ తగిలింది.

శనివారం పొద్దున ఈరన్న మళ్లీ సాహెబ్ ముందు నిలబడ్డాడు.

"తెలిసింది సాహెబ్. ఇయ్యాలే అన్నీ ఆపేస్తా."

"వద్దు. రోజుకు ఒకటి ఆపు."

"అన్నీ ఒక్కసారి ఆపేస్తే పని అయిపోతుంది కదా?"

"ఏది ఎంత తాగుతుందో తెలీదు. రెండో రోజుకే నీకు భయమేసి అన్నీ మళ్లీ పెట్టేస్తావు," అన్నాడు సాహెబ్. "నాకు గడియారం విప్పడం నేర్పినాయన కూడా అట్లనే చెప్పేవాడు. ఒక మర తియ్యి. చూడు. ఇంకో మర తియ్యి."

మొదటి రోజు ఎప్పుడూ వెలుగుతూ ఉండే అద్దాన్ని ఆపాడు. వాచీ మూడింటిదాకా నిలిచింది. రెండో రోజు నిమిషానికొకసారి నాడి చూడటం ఆపి అరగంటకు పెట్టాడు. నాలుగు దాటింది. మూడో రోజు ఎక్కడుందో చెప్పడం ఆపాడు. అయిదు కొట్టినా నిలిచే ఉంది. ఆ మూడు రోజులూ మిల్లులో అతనికి అదే పని. ఫోను తీయడం జేబులో పెట్టడం, తీయడం పెట్టడం. వాచీని అడగడం మాత్రం మానలేకపోయాడు.

నాలుగో రోజు మహదేవే ఒక సంగతి చెప్పింది.

"ఇది వంటింట్లో ఉంటే తొందరగా దిగిపోతుంది. ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుంటే అంత దిగదు."

అప్పుడు ఈరన్నకు తట్టింది. వాళ్లది పాత రాతి ఇల్లు. రెండు మూరల మందం గోడలు. వంటింట్లో సిగ్నలు అందదు. వాచీలోని సిమ్ము దానికోసం ఆగకుండా వెతుకుతూ ఉంటుంది. ఆ వెతుకులాటకు కూడా కొంత చార్జింగు పోతోంది. ఆమె ఫోనును వంటింటి వాకిలి పక్క, ముందు గది గోడ గూటిలో పెడితే, దగ్గర ఉన్నప్పుడు వాచీ దానితో మాట్లాడుకుంటుంది. సొంతంగా వెతుక్కునే పని ఉండదు. అట్లా పెట్టారు. ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు ఇంకా ఇరవై మిగిలింది.

"నీకిది ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు ఈరన్న.

"చానా రోజులయింది."

"మరి చెప్పలేదే?"

"నువ్వు వాచీని అడుగుతా ఉంటివి. నన్ను ఎప్పుడు అడిగితివి?"

గురువారం ఈరన్న ఒక్కడే పోలేదు. మహదేవి కూడా వస్తానంది. ఈరన్న ఆ అంగడికి తొమ్మిదేళ్లుగా పోతున్నా ఆమె రావడం అదే మొదలు. మిగిలినవాళ్లు పోయేదాకా గడప దగ్గర కూర్చుని, తర్వాత లోపలికి వచ్చింది. సాహెబ్ ముందు ఆమెకే టీ పోశాడు.

"అమ్మా, దీంట్లో నీకు ఏది కావాల?" అని అడిగాడు, వాచీ చూపిస్తూ.

ఆమె వెంటనే చెప్పింది. "పడితే పడిందని చెప్పేది ఉండాల. మీట ఉండాల. ఇంకేమీ వద్దు సాహెబ్."

"మీట ఏంటికి? ఫిట్స్ వచ్చినప్పుడు నువ్వు ఎట్ల నొక్కుతావు?" అన్నాడు ఈరన్న. "దాంతో పని లేదని నేను దాని మాటే పట్టించుకోలేదు."

మహదేవి టీ గ్లాసును కింద పెట్టింది.

"వచ్చేముందు నాకు తెలుస్తుంది," అంది. "పసుపు మాడిన వాసన వస్తుంది. ఇంట్లో ఏదీ మాడదు, అయినా వాసన వస్తుంది. ఆ తర్వాత ఒక నిమిషం ఉంటుంది. అంతలో కింద కూర్చుంటే దెబ్బ తగలదు."

ఈరన్న ఆమె ముఖంలోకి చూశాడు. "మూడేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు."

"చెబితే పొద్దున నుంచి సాయంత్రం దాకా వాసన వచ్చిందా, వాసన వచ్చిందా అని అడుగుతా ఉంటావు."

అంగట్లో గోడ గడియారాలు ఒకదానికొకటి పొంతన లేకుండా కొట్టుకుంటున్నాయి.

"మరి ఆ రోజు? నుదురు పగిలిన రోజు?" అన్నాడు ఈరన్న. అడగకుండా ఉంటే బాగుండునని అడుగుతుండగానే అనిపించింది.

"ఆ రోజూ వచ్చింది వాసన," అంది మహదేవి. "నీకు చెబుదామని మీట నొక్కితి. అద్దం వెలగలేదు. సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్లీ నొక్కితి. నిలబడి నొక్కుతానే ఉంటి. కూర్చోవాల్సింది."

ఆ రోజు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా తను ఆ వాచీని ఎన్నిసార్లు అడిగి ఉంటాడో ఈరన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాహెబ్ తల వంచుకుని తన గ్లాసులో టీ చూసుకుంటున్నాడు.

ఈరన్న జేబులోంచి ఫోను తీశాడు. నాడి చూపించే ఆప్‌ను వేలితో అదిమి పట్టి తీసేశాడు. తీసేయమంటావా అని ఫోను రెండోసారి అడిగింది. అవునన్నాడు. తర్వాత ఆమె వాచీ తీసుకుని, పడితే చెప్పేదీ మీటా తప్ప మిగిలినవన్నీ ఆపేశాడు. ఆపి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమే కట్టుకుంది.

"మీట నొక్కితే ఎవరికి పోతుందో ఆయమ్మకు చూపించినావా?" అన్నాడు సాహెబ్.

"నాకే పోతుంది సాహెబ్. నా పేరే పెట్టినా."

"చూపించు," అన్నాడు సాహెబ్.

పేర్లు ఎట్లా పెట్టాలో, ఎట్లా తీయాలో ఈరన్న ఆమెకు చూపించాడు. ఆమె రెండుసార్లు చేసి చూసుకుంది.

ఆ తర్వాతి రోజులు ఈరన్నకు తేలికగా గడవలేదు. మిల్లులో ఖాళీ దొరికితే చెయ్యి దానంతట అదే జేబులోకి పోయేది. అక్కడ చూడటానికి ఏమీ ఉండేది కాదు. రెండో వారానికి అలసట మొదలైంది. ఎన్నాళ్లనుంచో లోపల దాక్కున్న అలసటంతా ఒక్కసారి బయటికి వచ్చింది. పత్తి వేసే ఆడవాళ్లు కొంగు దోపుకున్నారో లేదో చూడటం మాత్రం మళ్లీ మొదలుపెట్టాడు. ఒకసారి ఒకామె "అన్నకు కండ్లు వచ్చినాయి" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు.

మహదేవి మధ్యాహ్నాలు ఒక గంట నిద్రపోయేది. లేచాక తిప్పక్క కుట్టిన రవికెలకు హుక్కులు వేసేది. సాయంత్రం ఈరన్న వచ్చేసరికి వాచీలో సగానికి పైగా ఉండేది. ఎంత ఉందని అతను అడిగేవాడు కాదు. అడగకపోయినా ఆమె ఒక్కోరోజు చెప్పేది.

శ్రావణమాసంలో ఒక మంగళవారం పన్నెండున్నరకు ఈరన్న ఫోను మోగింది. తిప్పక్క.

"ఈరన్నా, గాబరా పడొద్దు. నేను పక్కనే ఉండా. వచ్చింది, పోయింది. దెబ్బ ఏమీ లేదు."

ఇంకా ఆమె మాట్లాడుతుండగానే మహదేవి వాచీ నుంచి కూడా అతనికి ఫోను వచ్చింది. అతను ఎత్తేలోపే ఆగిపోయింది. మోటారు సైకిలు మీద ఇంటికి ఎట్లా పోయాడో అతనికే తెలియదు. మహదేవి ముందు గదిలో చాప మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. తల కింద మడిచిన దుప్పటి ఉంది. తిప్పక్క కొంగుతో ఆమె నోటి చివర తుడుస్తోంది. కొలతల టేపు ఇంకా తిప్పక్క మెడలోనే వేలాడుతోంది. వాచీ అద్దం మీద చార్జింగు ఎనభై ఒకటి అని ఉంది.

"వాసన వచ్చింది. కూర్చుంటి," అంది మహదేవి, మాట కొంచెం ముద్దగా. తర్వాత కళ్లు మూసుకుంది.

గురువారం అసర్ నమాజు తర్వాత ఈరన్న అంగడికి వచ్చాడు. ఆ రోజు ఎండ లేదు, వానా లేదు. మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. మిగిలినవాళ్లు ఎవరూ రాలేదు. సాహెబ్ ఒక పాత గోడ గడియారం వెనక తలుపు తీసి దుమ్ము తుడుస్తున్నాడు. ఈరన్న జరిగింది చెప్పాడు. సాహెబ్ తుడవడం ఆపి విన్నాడు.

"అల్హందులిల్లా, అంతా దేవుని దయ," అన్నాడు.

ఈరన్న చాప మీద ముందుకు జరిగాడు.

"సాహెబ్, మీట నొక్కితే ముందు ఫోను పోయింది తిప్పక్కకు. తర్వాత నాకు. నేను నా పేరే పెట్టి ఉంటి. మహదేవి మార్చుకుంది. నాకు మాట మాత్రం కూడా చెప్పలేదు."

సాహెబ్ మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

"మొగుణ్ని నేను కదా సాహెబ్?"

"నీ మిల్లు ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు."

"తిప్పక్క ఇల్లు?"

"గోడకు అవతల."

సాహెబ్ గడియారం వెనక తలుపు మూశాడు. గుడ్డ దులిపి మడత పెట్టాడు.

"ఆయమ్మకు దూరాలు బాగా తెలుసు," అన్నాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది. "ఇంక నువ్వు కొంచెంసేపు నిద్రపో, ఈరన్నా."

ఈరన్న కాళ్లు చాపుకుని గోడకు ఆనుకున్నాడు. రెండు నిమిషాల్లో అతని తల పక్కకు ఒరిగింది.

పొద్దుగూకింది. మగ్రిబ్ అజాన్ వినిపించింది. సాహెబ్ కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, అతని కాళ్లు దాటకుండా చుట్టూ తిరిగి బయటికి పోయాడు. లేపలేదు.